చుక్క ఎక్కడుంది? కొండపల్లి అడవిలో ఒక ప్రమాదం, నాలుగు లొకేషన్లు

జనవరిలో ఒక ఆదివారం విజయవాడ నుంచి తొమ్మిది మంది కొండపల్లి రిజర్వ్ ఫారెస్టులో నడకకు వెళ్ళారు. పదకొండున్నర ప్రాంతంలో, సిగ్నల్ అందని ఒక వాగులో, యాభై దాటిన ఒక బ్యాంకు ఉద్యోగిని రాయి మీద నుంచి జారి పడ్డారు. చీలమండ వాచిపోయింది, కాలు నేల మీద మోపలేకపోయారు. చీకటి పడేలోపు ఆవిడను ఆసుపత్రికి చేర్చారు. ఎముక కొద్దిగా చిట్లింది, కట్టు కట్టారు, కోలుకున్నారు. వైద్యం సంగతి ఇంతే.

ఈ కేసు రాస్తున్నది మధ్యలో గడిచిన ఒక గంట కోసం. ఆ గంటలో ఆవిడ ఉన్న చోటు ఇదీ అంటూ విజయవాడలో ఒకే మనిషి ముందు నాలుగు లొకేషన్లు తేలాయి. ఒకటి కృష్ణ అవతల, గుంటూరుకీ సత్తెనపల్లికీ మధ్య పొలాల్లో. ఇంకొకటి అడవిలోనే, కానీ గట్టుకి అవతలి వైపు వాగులో. మూడోది గట్టు మీద. నాలుగోది సరైనది. జీపీఎస్ పరికరం మాత్రం ఒక్క తప్పు కూడా చేయలేదు.

నేను సర్వే పని చేసినవాణ్ణి. ఇప్పుడు ట్రెక్కింగ్‌కి వెళ్ళే గ్రూపులకు మ్యాపు, జీపీఎస్ వాడకం నేర్పుతుంటాను. ఆ రోజు వాళ్ళతో వెళ్ళలేదు. తర్వాత అందరితో కూర్చుని, ఫోన్లలో రికార్డయిన ట్రాకులు, కాల్ లాగులు, విజయవాడలో ఫోన్ ఎత్తిన ఆవిడ నోట్‌బుక్ ముందేసుకుని, వాళ్ళ ఒప్పుకోలుతో ఇది రాశాను. మనుషుల వివరాలు మార్చాను. లొకేషన్ అంకెలు కూడా కొద్దిగా జరిపాను. లెక్క మాత్రం మారలేదు.

డల్లాస్ నుంచి రాని పరికరం

ఈ గ్రూపు మే నెలలో ఉత్తరాఖండ్ ట్రెక్‌కి వెళ్ళాలనుకుంది. కొండపల్లి నడక దానికి రిహార్సల్. 2024 జూన్‌లో సహస్రతాల్ ట్రెక్‌లో 22 మంది బృందం మంచు తుఫానులో చిక్కుకుని 9 మంది చనిపోయిన వార్త మన దగ్గర ట్రెక్కింగ్ చేసే ప్రతి ఇంట్లోనూ గుర్తుంది. అందుకే ఇంట్లోవాళ్ళ మొదటి ప్రశ్న ఒకటే: "సిగ్నల్ లేని చోట ఏదైనా అయితే మాకెలా తెలుస్తుంది?"

దానికి గ్రూపు లీడర్ బావమరిది డల్లాస్ నుంచి సమాధానం చెప్పాడు. పండక్కి వచ్చేటప్పుడు గార్మిన్ ఇన్‌రీచ్ తెస్తానన్నాడు. అరచేతిలో పట్టే పరికరం. ఆకాశం కనబడితే చాలు, ఎక్కడి నుంచైనా మెసేజ్ పంపుతుంది, ఎస్ఓఎస్ బటన్ ఉంటుంది. అమెరికాలో కొండలెక్కేవాళ్ళ సంచుల్లో ఇది మామూలు వస్తువు.

లీడర్ నన్ను అడిగాడు. తేవద్దని చెప్పించాను. ఇండియాలో శాటిలైట్ ఫోన్‌కి ఉన్న నిబంధనే దీనికీ ఉంది. టెలికం శాఖ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం, వాడారా లేదా అన్నది తర్వాతి మాట. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో కెనడా నుంచి వచ్చిన ఒక యాత్రికురాలు ఇదే రకం పరికరంతో పట్టుబడి కేసులో ఇరుక్కున్నారు. ఆవిడ దాచిపెట్టి తెచ్చిన మనిషి కాదు. సెక్యూరిటీ ట్రేలో తనే తీసి పెట్టారు. తెలియదంటే సరిపోదు.

ఎందుకింత కఠినం అని చాలామంది అడుగుతారు. 2008 ముంబై దాడుల్లో ఉగ్రవాదులు శాటిలైట్ ఫోన్లు వాడారు. అది ఒక కారణం. రెండోది సాంకేతికం. ఇన్‌రీచ్ వాడేది ఇరిడియం ఉపగ్రహాలను. సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులో 66 ఉపగ్రహాలు తిరుగుతూ, ఒకదాని నుంచి ఇంకొకదానికి మెసేజ్ అందించుకుంటూ పోతాయి. కొండపల్లిలో పంపిన మెసేజ్ ఈ దేశపు నేల మీద ఏ కేంద్రాన్నీ తాకకుండా అమెరికాలో దిగుతుంది. ప్రభుత్వానికి అభ్యంతరం అక్కడే. బీఎస్ఎన్ఎల్ అనుమతితో ఇచ్చే ఇన్‌మార్‌శాట్ శాటిలైట్ ఫోన్లు ఘజియాబాద్‌లోని నేల కేంద్రం (గేట్‌వే) గుండా పోతాయి, అందుకే వాటికి దారి ఉంది. కానీ ఆ ఫోన్లు విపత్తు నిర్వహణ, భద్రతా బలగాలు, ఓడల వంటి అవసరాలకు. ఆదివారం కొండెక్కేవాళ్ళ చేతికి వచ్చే వస్తువు కాదు.

కొనేవాళ్ళకు ఒక జాగ్రత్త. మామూలు చేతి జీపీఎస్ కేవలం వింటుంది, దేన్నీ పంపదు. దాంతో ఈ ఇబ్బంది లేదు. కానీ గార్మిన్‌లో కొన్ని మోడళ్ళలో రెండూ కలిపి ఉంటాయి. జీపీఎస్‌మ్యాప్ 67ఐ, మోంటానా 700ఐ లాగా అంకె పక్కన 'ఐ' ఉంటే లోపల శాటిలైట్ మెసెంజర్ ఉన్నట్టే. అమెరికా నుంచి మనవాళ్ళు ప్రేమగా పంపే పెట్టెల్లో ముందు చూడాల్సింది ఆ అక్షరం. ఇక ఐఫోన్ 14 నుంచి ఉన్న శాటిలైట్ ఎస్ఓఎస్ సంగతి. ఫోన్ అమెరికాలో కొన్నదైనా సరే, ఇది రాసేనాటికి ఆ సేవ ఇండియాలో లేదు. 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కు లైసెన్సు వచ్చింది కదా అంటారు. అది ఇంటి మీద పళ్ళెం పెట్టుకునే ఇంటర్నెట్. జేబులో పెట్టుకునే మెసెంజర్‌కి దానితో సంబంధం లేదు.

మచిలీపట్నం, నిజాంపట్నం పడవల్లో ఏదో శాటిలైట్ పెట్టె ఉంటుందని విని, అదెందుకు మనం కొనకూడదని గ్రూపులో ఒకాయన అడిగాడు. మంచి ప్రశ్నే. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2019లో తెచ్చిన జెమిని పరికరం మన దేశపు గగన్ ఉపగ్రహాల నుంచి తుఫాను హెచ్చరికలు, చేపలు దొరికే ప్రాంతాల సమాచారం తీసుకుని ఫోన్‌కి ఇస్తుంది. అది ఒకవైపు దారి. సముద్రం మీద ఉన్నవాడికి కబురు చేరుతుంది, వాడి కబురు ఒడ్డుకి చేరదు. ఒడ్డుకి కబురు పంపడానికి ఇస్రో వేరే అలర్ట్ పరికరం చేసింది, అది పడవల కోసం. అడవిలో మనకి రెండూ పనికిరావు.

కాబట్టి ఈ కేసులో ఉన్న పరికరాలు ఇవి: లీడర్ దగ్గర పాత ఈట్రెక్స్ చేతి జీపీఎస్, అందరి ఫోన్లలో ముందే దించుకున్న ఆఫ్‌లైన్ మ్యాపు, ఒక కాగితాల పుస్తకం, విజయవాడ సత్యనారాయణపురంలో ఫోన్ దగ్గర కూర్చున్న లీడర్ అక్కగారు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంటి కాంటాక్ట్‌గా ఆవిడను పెట్టింది ఆదివారం ఇంట్లోనే ఉంటారని మాత్రమే. ఆ ఎంపిక ఎంత సరైనదో అప్పటికి ఎవరికీ తెలియదు.

వాగులో

కొండపల్లి అడవి విజయవాడకి అంత దగ్గరలో ఉన్నా చిన్నది కాదు. సుమారు 30 వేల ఎకరాలు. ఖిల్లా చూసి వచ్చేవాళ్ళకి అడవి అంటే ఘాట్ రోడ్డు పక్కన చెట్లే. లోపలికి వెళితే కొండల మధ్య వాగులు, రాళ్ళు, ముళ్ళ పొదలు. చలికాలంలో ఆకు రాలి దారి కనబడుతున్నట్టే ఉంటుంది. గట్టెక్కితే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ చిమ్నీలు కనిపిస్తాయి, ఫోన్‌లో సిగ్నల్ వస్తుంది. వాగులోకి దిగితే రెండూ మాయం. చిమ్నీలు కనబడుతున్నాయి కదా అని వాటి వైపే దిగబడి, మధ్యలో లోయ అడ్డం వచ్చి అవస్థ పడినవాళ్ళు నాకు తెలుసు. రిజర్వ్ ఫారెస్టు కాబట్టి అటవీశాఖ అనుమతి తీసుకునే వెళ్ళారు. ఆ అనుమతి కాగితం మీద ఉన్న సెక్షన్ ఆఫీసర్ నంబరు తర్వాత పనికొచ్చింది.

ఆవిడ పడగానే గ్రూపు చేసిన మొదటి పనులు బాగున్నాయి. కదిలించలేదు. బూటు విప్పలేదు, లేసులు మాత్రం వదులు చేశారు. కూర్చునే చాపను మడిచి కాలికి చుట్టి, పైన తువ్వాలుతో కట్టారు. నీడలోకి జరిపారు. తర్వాత లీడర్ కొడుకు, ఇంజినీరింగ్ చదివే కుర్రాడు, ఈట్రెక్స్ తీసుకుని ఆవిడ పక్కనే ఒక రాయి మీద పెట్టి కాసేపు కదలకుండా ఉంచాడు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ ఎలా పనిచేస్తుంది అన్నది నా క్లాసుల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న. జీపీఎస్‌కి మొబైల్ టవర్ అక్కర్లేదు. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు పంపే సంకేతాన్ని విని పరికరమే లెక్క కట్టుకుంటుంది. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా పనిచేస్తుంది. సిగ్నల్ లేని చోట అలా పెట్టడమే మేలు, లేకపోతే టవర్ వెతుక్కుంటూ బ్యాటరీ అయిపోతుంది. టవర్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఇంటర్నెట్ నుంచి క్షణంలో తెచ్చుకుంటుంది. లేకపోతే ఆ వివరాన్ని ఉపగ్రహం నుంచే వినాలి, అది 30 సెకన్లకు ఒకసారి వస్తుంది. మధ్యలో కొమ్మలు, రాళ్ళు అడ్డం వస్తే మళ్ళీ మొదటికి. పైగా వాగులో సంకేతం రాళ్ళకి తగిలి తిరిగొచ్చి చోటును పక్కకి జరిపి చూపిస్తుంది. ఫోన్ యాప్ అయితే ఇంకో తిరకాసు: తెరవగానే కనిపించే నీలం చుక్క ఇప్పటిది కాకుండా అరగంట కిందటిది కావచ్చు. అందుకే ఒక నిమిషం, రెండు నిమిషాలు కదలకుండా ఆగి, అంకెలు నిలకడగా ఉన్నాక రాసుకోవాలి. కుర్రాడు అదే చేశాడు.

కాగితం మీద రాసింది ఇది:

ఎన్ 16 40.42
ఈ 80 31.15

ఈట్రెక్స్ తెర మీద చుక్క తర్వాత మూడు అంకెలు ఉంటాయి. మూడోది అక్కర్లేదని వదిలేశాడు. అందులో తప్పేమీ లేదు. ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు; అందులో నూరో వంతు అంటే నేల మీద ఇరవై మీటర్లలోపే.

కుర్రాడూ, గ్రూపులోని ఇంకో కుర్రాడూ కలిసి గట్టెక్కారు. ఒక్కణ్ణే పంపకపోవడం మంచి పని. పావుగంట పైగా పట్టింది. పైన ఒక గీత సిగ్నల్ వచ్చింది. ఫోన్ కలిసింది.

ఫోన్‌లో

ఈ భాగాన్ని అక్కగారి నోట్‌బుక్ నుంచే రాస్తున్నాను. ఆవిడ ఎక్స్ఛేంజి అలవాటు పోలేదు. ప్రతి కాల్‌కీ పక్కన టైం వేసి ఉంది.

మాట ముక్కలు ముక్కలుగా వినపడుతోంది. కుర్రాడు అంకెలు ఇంగ్లిష్‌లో చదివాడు, మనమందరం చదివినట్టే. "సిక్స్‌టీన్, ఫార్టీ, ఫార్టీ టూ. ఎయిటీ, థర్టీ వన్, ఫిఫ్టీన్, అత్తా." ఆవిడ ఆపారు. "ఒరే నాన్నా, ఒక్కో అంకె చెప్పు. ఫిఫ్టీనో ఫిఫ్టీయో నాకు తెలీడం లేదు." వాడు ఒక్కో అంకె చెప్పాడు. ఆవిడ తిరిగి చదివి వినిపించారు. అంకెలన్నీ సరిపోయాయి. ఆవిడ రాసుకున్నది: 16.4042, 80.3115.

అంకెల్లో ఒక్కటీ తప్పు లేదు. అంకెల మధ్య చుక్క ఉన్న చోటే తప్పు.

ఫోన్ మ్యాపులో వేసి చూస్తే గుంటూరు దాటి, సత్తెనపల్లి దారికి కాస్త పైన పొలాల్లో పడింది. అసలు చోటుకి సుమారు 37 కిలోమీటర్లు. ఆవిడ అత్తవారిది సత్తెనపల్లి. "కొండపల్లి వెళ్ళినవాళ్ళు మా అత్తగారి ఊరి పక్కకి ఎలా వచ్చార్రా?" అన్నారట. లైన్ తెగిపోయింది.

మళ్ళీ కలిసేలోపు ఆవిడ ఊరికే కూర్చోలేదు. 112కి ఫోన్ చేసి, లొకేషన్ ఖాయం చేసుకుని మళ్ళీ చేస్తానని, ప్రస్తుతానికి కొండపల్లి రిజర్వ్ ఫారెస్టు అని చెప్పి, 108 కావాల్సి వస్తుందని చెప్పి పెట్టారు. ఈలోగా పక్కింటి కుర్రాడు వచ్చి, ఇవి డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు అయ్యుంటాయి ఆంటీ అని 16 డిగ్రీల 40 నిమిషాల 42 సెకన్లుగా కొట్టి చూపించాడు. ఈసారి చుక్క సరిగ్గా అడవిలో పడింది. కొండపల్లే. కొండ మీదే. అందరికీ ఊపిరి పీల్చుకున్నట్టయింది.

నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో ప్రమాదకరమైన నిమిషం ఇదే. గుంటూరు పొలాల్లో పడిన చుక్కని చిన్నపిల్లవాడు కూడా నమ్మడు. అడవిలో పడిన చుక్కని అందరూ నమ్ముతారు. లెక్క చూడండి. 40.42 నిమిషాలంటే 40 నిమిషాల 25.2 సెకన్లు. దాన్ని 42 సెకన్లుగా చదివితే ఉత్తరానికి 16.8 సెకన్లు, అంటే 500 మీటర్లు దాటి జరుగుతుంది. తూర్పుకి ఇంకో 180 మీటర్లు. మొత్తం మీద 550 మీటర్లు. నగరంలో అయితే రెండు వీధుల తేడా. అక్కడ మాత్రం గట్టుకి అవతల, వేరే వాగు. ఆ చోటుకి మనుషులు వేరే ఊరి వైపు నుంచి వేరే దారిలో వస్తారు. వచ్చి, వెతికి, ఎవరూ లేరని మళ్ళీ ఫోన్ చేస్తారు. జనవరిలో అయిదున్నర దాటితే అడవిలో చీకటే.

ఈ సమయంలోనే రెండో కుర్రాడు గట్టు మీద నుంచి వాట్సాప్ లొకేషన్ పంపాడు. అది చక్కగా చేరింది. మామూలుగా ఇలాంటప్పుడు జనం దీన్నే పట్టుకుని అందరికీ ఫార్వర్డ్ చేస్తారు, యాప్ నుంచి వచ్చింది కాబట్టి. కానీ అది పంపినవాళ్ళు నిలబడ్డ చోటు. దెబ్బ తగిలిన మనిషి కింద వాగులో ఉన్నారు.

లైన్ మళ్ళీ కలిసింది. అక్కగారు అడిగిన మొదటి ప్రశ్న నోట్‌బుక్‌లో అలాగే ఉంది: "చుక్క ఎక్కడుంది? పదహారు తర్వాతా, నలభై తర్వాతా?"

"నలభై తర్వాత అత్తా."

ఆవిడకి జీపీఎస్ తెలియదు. అంకెల మధ్య ఏముందో అడగాలని మాత్రం తెలుసు. నలభై తర్వాత చుక్క ఉందంటే 40.42ని అరవైతో భాగించాలని పక్కింటి కుర్రాడికి అప్పుడు అర్థమైంది. 16.6737, 80.5192. ఆవిడ తర్వాతి ప్రశ్న: "వాట్సాప్‌లో వచ్చింది మీరున్న చోటా, ఆవిడ ఉన్న చోటా?" మూడోది: "ఆవిడ దగ్గర కూర్చుంటే చుట్టూ ఏం కనిపిస్తుంది?" వాగులో పడిపోయిన పెద్ద చెట్టు, పక్కన నల్లగా నునుపు రాతి బండ, కొద్దిగా నీళ్ళు ఉన్న గుంట. చిమ్నీలు కనబడవు, గట్టెక్కితే దక్షిణం వైపు కనిపిస్తాయి.

సెక్షన్ ఆఫీసర్‌కి ఆవిడ పంపిన మెసేజ్‌లో రెండు లొకేషన్లు ఉన్నాయి, రెండిటికీ పేర్లు ఉన్నాయి: "దెబ్బ తగిలినామె ఇక్కడ", "ఫోన్ చేస్తున్న కుర్రాళ్ళు గట్టు మీద ఇక్కడ". కింద చెట్టు, బండ, గుంట. ఇంత స్పష్టమైన మెసేజ్‌లు ఉద్యోగరీత్యా ఇవే రాసేవాళ్ళ దగ్గర కూడా నేను తక్కువ చూశాను.

చివరి అర కిలోమీటరు

అటవీశాఖ వాచర్లు ఇద్దరు, ఊరి నుంచి నలుగురు బయలుదేరారు. వాళ్ళు అంకెలు చూశారు గానీ వాటిని పట్టుకుని నడవలేదు. పడిన చెట్టు, నీళ్ళ గుంట అనగానే అది ఏ వాగో వాళ్ళకి తెలిసిపోయింది. గట్టు మీద కుర్రాళ్ళు మూడేసి సార్లు విజిల్ ఊదుతూ ఉన్నారు. నవారు మంచం తిరగేసి, ఆవిడను పడుకోబెట్టి మోసుకొచ్చారు. ఆ మోత గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. రాళ్ళ వాగులో మంచం మోయడానికి ఆరుగురు చాలరు, మార్చుకోవడానికి ఇంకో ఆరుగురు ఉండాలి.

మ్యాపు మీద చుక్క సరైన వాగు దాకా తీసుకెళ్తుంది. అక్కడి నుంచి ఆ అడవిలో తిరిగే మనిషికి తెలిసే గుర్తులే పనిచేస్తాయి. రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆలస్యమే.

ఇన్‌రీచ్ ఉండి ఉంటే?

గ్రూపులో అందరూ నన్ను అడిగిన ప్రశ్న ఇదే. కాస్త నిష్ఠూరంగానే అడిగారు. తేవద్దన్నది నేనే కాబట్టి సమాధానం నేనే చెప్పాలి.

ఉండి ఉంటే మేలు జరిగేది. గట్టెక్కే పని ఉండేది కాదు. దెబ్బ తగిలిన మనిషి పక్కనే బటన్ నొక్కితే, ఆ చోటే పోతుంది. అంకెలు ఎవరూ నోటితో చదవరు, చెవితో వినరు, చేత్తో రాయరు. శాటిలైట్ మెసెంజర్ అసలు విలువ నా లెక్కలో అదే. లొకేషన్ మనుషుల నోళ్ళ మీదుగా పోనక్కర్లేదు. వాగులో ఆకాశం సన్నగా కనిపిస్తుంది కాబట్టి ఉపగ్రహం ఆ సందులోకి వచ్చేదాకా మెసేజ్ ఆగుతుంది, ఒక్కోసారి చాలాసేపు. అయినా గట్టెక్కి దిగడం కన్నా నయం.

తర్వాత ఏం జరుగుతుందో కూడా చూడాలి. ఎస్ఓఎస్ టెక్సాస్‌లోని రెస్పాన్స్ సెంటర్‌కి చేరుతుంది. వాళ్ళు కొండపల్లికి మనిషిని పంపలేరు. మనం రిజిస్టర్ చేసిన ఇంటి కాంటాక్ట్‌కి ఫోన్ చేస్తారు, ఆ దేశంలో ఎవరిని పిలవాలో వెతుకుతారు. ఫోన్ మోగేది సత్యనారాయణపురంలోనే. ఎత్తేది అక్కగారే. 112కి, సెక్షన్ ఆఫీసర్‌కి చెప్పాల్సింది, చెట్టూ గుంటా అడగాల్సింది ఆవిడే. ఆవిడ స్థానంలో సినిమాకి వెళ్ళి ఫోన్ సైలెంట్‌లో పెట్టిన మనిషి ఉంటే, ఆ ఖరీదైన పరికరం పని సగంలో ఆగిపోతుంది.

ఇక చట్టం. ఇలాంటి పరికరానికి రిజిస్ట్రేషన్ పెట్టి, గేట్‌వే ఇక్కడే ఉండాలని షరతు పెట్టి, ట్రెక్కింగ్ చేసేవాళ్ళకి దారి ఇవ్వాలన్నది నా అభిప్రాయం. ప్రమాదంలో ఉపగ్రహానికి సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకాన్లకి బెంగళూరులోని ఇస్రో కేంద్రంలో రిజిస్ట్రేషన్ పద్ధతి ఉంది, ఓడలకి, విమానాలకి అది నడుస్తోంది. ఇలా ఒక నమూనా ఉంది కాబట్టి ఇది అసాధ్యమైన కోరిక కాదు. కానీ నిబంధన మారేదాకా సంచిలో దాచుకుని వెళ్ళమని ఎవరికీ చెప్పను. సాయం కోసం వచ్చిన పోలీసుల ముందే అనుమతి లేని ట్రాన్స్‌మీటర్‌తో దొరకడం దెబ్బ మీద దెబ్బ.

మార్చినవి

ఈట్రెక్స్ సెట్టింగుల్లో పొజిషన్ ఫార్మాట్ అని ఉంటుంది. అది డిగ్రీలు, నిమిషాలుగా వచ్చింది, ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని దశాంశ డిగ్రీలకి మార్చాం. ఇప్పుడు చుక్క ఎప్పుడూ డిగ్రీ తర్వాతే. నాలుగు దశాంశాలు చాలు, పది మీటర్ల చిల్లర తేడా వస్తుంది. ఫోన్ మ్యాపులు కూడా మామూలుగా ఇదే రూపంలో చూపిస్తాయి కాబట్టి అందరి దగ్గరా ఒకే భాష. చోటుని అక్షరాలు, అంకెలు కలిపిన కోడ్‌గా చెప్పే గూగుల్ ప్లస్ కోడ్ వాడదామని, తపాలా శాఖ 2025లో తెచ్చిన అలాంటిదే డిజిపిన్ వాడదామని కుర్రాళ్ళు అన్నారు. రెండూ మంచివే. కానీ ముక్కలైపోతున్న ఫోన్ లైన్‌లో సి, పి, టి అక్షరాలు చెప్పి చూడండి, నేను అంకెలెందుకు కోరుకుంటానో తెలుస్తుంది.

నాకు బాగా నచ్చిన మార్పు అక్కగారు సూచించింది. బయలుదేరే ముందే ఆ రోజు దారి మొత్తం ఏ అంకెలతో మొదలవుతుందో ఇంటి కాగితం మీద రాసి పెట్టాలి. కొండపల్లి నడక రోజున అయితే 16.6, 80.5. ఫోన్‌లో 16.4 వినపడగానే మ్యాపు తెరవకుండానే తప్పని తెలిసేది. ఎక్స్ఛేంజిలో తప్పు నంబరు పట్టడానికి ఇదే పద్ధతట, మొదటి అంకెలు చూస్తే ఏ ఏరియానో తెలిసిపోతుంది. సర్వేలో ఇన్నాళ్ళున్నా నేను ట్రెక్కింగ్ గ్రూపులకి ఇంత తేలికైన పరీక్ష చెప్పిన గుర్తు లేదు. ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

కాల్‌తో పాటు ఎస్ఎంఎస్ కూడా పంపాలి. మాట నిలవని సిగ్నల్‌లో కూడా ఎస్ఎంఎస్ ఒక్క క్షణం దొరికితే పోతుంది. వాట్సాప్‌కి డేటా కావాలి, ఎస్ఎంఎస్‌కి అక్కర్లేదు. ఆ రోజు కుర్రాళ్ళకి అది తట్టలేదు, వాళ్ళ వయసువాళ్ళు ఎస్ఎంఎస్ వాడేది ఓటీపీ చూసుకోవడానికే.

మే నెలలో గ్రూపు ఉత్తరాఖండ్ వెళ్ళింది. బ్యాంకు మేడమ్ వెళ్ళలేదు, ఈసారి సత్యనారాయణపురంలో రెండో ఇంటి కాంటాక్ట్‌గా కూర్చున్నారు. ఏ రోజు ఏ క్యాంపు, అక్కడ సిగ్నల్ ఎప్పుడు రావచ్చు, ఏ రోజు ఏ టైం దాటితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవన్నీ రాసి ఇద్దరి దగ్గరా ఉంచారు. టైం దాటాక "ఇంకాసేపు చూద్దాం" అనే వెసులుబాటు ఆ కాగితంలో లేదు. ఆ వాక్యం తీసేయించడానికి లీడర్‌తో నేను చాలా వాదించాను.

అడవిలో రాసే కాగితం మాత్రం అరచేయంతే. ప్రతి సంచిలో ఒకటి, పెన్సిల్‌తో సహా. పెన్ను చలికి, తడికి రాయదు. అందులో ఉన్నది ఇది, వాడుకోవాలనుకునేవాళ్ళు వాడుకోవచ్చు:

దెబ్బ తగిలిన మనిషి ఉన్న చోటు (వాళ్ళ పక్కనే కూర్చుని రాయాలి, చుక్క డిగ్రీ తర్వాతే): ____. ________ , ____ . ________

రాసిన టైం, రాసినవారు:

ఇక్కడ కూర్చుంటే కనిపించేవి మూడు:

ఏమైంది, నడవగలరా:

ఇక్కడ ఎంతమంది ఉన్నాం, నీళ్ళు ఎంత ఉన్నాయి:

ఈ కాగితం తీసుకెళ్తున్నవారు, ఏ వైపు వెళ్తున్నారు:

సిగ్నల్ దొరికాక ఎన్నింటిదాకా అక్కడే ఉంటారు: